కమ్మీలకు అడ్డంగా

"మద్దిలేటన్నా, చేపల తొట్టి తెచ్చినా,
పైన పెట్టాల, ఒకసారి వచ్చి చూసిపో"
అని మాబాషా ఫోను.
ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, అంతే ఎత్తు.
బస్టాండు కాడ లాడ్జి మూసేస్తా ఉంటే
చేపలతో సహా చవగ్గా వచ్చిందంట.

బుధవారపేట, సందులో మూడో ఇల్లు.
ఆ మేడ నేను పోసిందే.
మెట్లెక్కుతా నోట్లోనే లెక్క కట్టినాను.
నీళ్ళే ఆరువందల ఎనభై కిలోలు,
అద్దాలు, గులకరాళ్ళు, ఇనుప స్టాండు,
అన్నీ కలిపి టన్నుకు అటూ ఇటూ.
బలిసిన ఎద్దుల జత
నాలుగే కాళ్ళ మీద
రాత్రీ పగలూ కదలకుండా నిలబడినట్టు.

గది నట్టనడుమ
చాక్‌పీసుతో గీసి పెట్టుకున్నాడు మాబాషా.
"ఈడైతే కూర్చున్నోళ్ళకు ఎదురుగ్గా కనపడతాదన్నా."
నా కాళ్ళు ఆ గీత దాటలేదు.

ఆ నడుమ ఏం లేదో నాకు తెలుసు.
స్లాబు పోసిన పొద్దు కమ్మీ చాలలేదు.
ఇంటాయన అప్పు కోసం కోడుమూరు పోయినాడు.
మిల్లరు బాడుగ గంటగంటకూ ఎక్కుతాంది.
తట్టలు పట్టుకొని పదిహేనుమంది
నా మొగం చూస్తా నిలబడినారు.
జానకొకటి కట్టాల్సిన కమ్మీ
నడుమ మాత్రం మూరకొకటి కట్టి
"పొయ్యండిరా" అన్నాను.

పద్దెనిమిదేండ్లు ఎవరికీ చెప్పలేదు.
కాంక్రీటూ చెప్పలేదు.

ఆ అక్టోబరు రాత్రి
తుంగభద్రా హంద్రీ ఒకటై సందులోకి వచ్చినపుడు
ఆ గదిలోకే ఎక్కినాం, నలభైమూడు మందిమి.
ఒక పచ్చి బాలింత, రెండు మేకలు,
ఎవరిదో కుట్టుమిషను.
అందరూ మెట్లకేసి చూస్తాండారు,
ఎన్ని మునిగినాయి, ఎన్ని మిగిలినాయి అని.
నేనొక్కణ్ణే నేలను చూస్తాండాను.
"గోడవారకు జరగండి, గోడవారకు, ఆడ చలి కొట్టదు."
తడిసిన గోడ చలి కొట్టదా?
అయినా జరిగినారు పాపం,
తెల్లారేదాకా ఆ నడుమ
ఒక్క మేకపిల్ల పడుకునింది.

మనుషులైతే జరగమంటే జరుగుతారు.
తొట్టిలో నీళ్ళకు ఎవరు చెప్తారు?

"నడుమ వద్దు నాయనా, కిటికీ ఎండకు పాచి పడతాది"
అన్నాను మాబాషాతో.
అది నిజమే.
నిజాన్ని అడ్డం పెట్టుకోవడం నాకు అలవాటే.

పడమటి గోడ వెంబడి, కింద దూలం ఉన్నచోట,
కమ్మీలకు అడ్డంగా పెట్టించినాను.
బరువు నాలుగు చుక్కల్లో దిగకుండా
కాళ్ళ కింద పొడుగ్గా టేకుపలక,
అద్దం కింద థర్మాకోలు.
నీళ్ళ గొట్టం పట్టి మట్టం చూసినాను.
నీళ్ళ సంగతి నీళ్ళనే అడగాల.
ఈ పొద్దు జానెడు పోయండి, రేపు ఇంకో జానెడు,
తొందరపడొద్దు అని చెప్పినాను.
తొందర గురించి చెప్పే మొగమా నాది!

అంతవరకూ బకెట్‌లో ఉన్న నల్లచేప ఒకటి
నోరు తెరుస్తా మూస్తా
నన్నే చూస్తాంది.

కింది గదిలో పైకప్పున
వెంట్రుకంత పాత బీట.
కాగితం పట్టీకి మైదా పూసి
దాని మీద అడ్డంగా అతికించి తేదీ రాస్తాండాను,
చినిగితే చెప్పమందామని.
రహమత్‌బీ స్టూలు పట్టుకొని నిలబడింది.
ఆమెకు డెబ్బై దాటినాయి, చేతులు సన్నగా వణుకుతాయి.

"ఆ రాత్రి గోడవారన చలి కొట్టదంటివే,
బిడ్డకు చలిజ్వరం వచ్చె మద్దిలేటీ.
నువ్వు నేలనే చూస్తాంటివి.
నాకు ఆ పొద్దే తెలిసె.
అందుకే ఇంకో మేస్త్రీని పిలవొద్దంటి మావాణ్ణి."

పెన్సిలు తేదీ మీద ఆగిపోయింది.

"స్టూలు గట్టిగా పట్టుకో వదినా" అన్నాను.
"పట్టుకునే ఉండాలే" అనింది.